బల్ల మీదికి రాని డిస్కులు

కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు డిస్కుల కంపెనీల మంచిచెడ్డలు అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు. ఎర్ర లేబుల్ కంపెనీ అంటే అతనికి ఒళ్ళుమంట. రిపేరుకని బల్ల మీదికొచ్చే చచ్చిన డిస్కుల్లో మూడొంతులు ఆ ఎర్రవే మరి. నీలం లేబుల్‌ది మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఇది తన స్వానుభవమనీ, కంపెనీవాడి ప్రకటన కాదనీ తన కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ నూరిపోసేవాడు.

అన్న ఇంట్లోనూ అదే నూరిపోత. పాపం, అన్నకు గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు. ఆపరేషన్‌కు ముందు ఆయన రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకా ఊహ తెలియని కూతురి కోసం కథలు చెప్పి రికార్డు చేశాడు. నక్క కథలు, దయ్యాల కథలు, మధ్యమధ్య దగ్గు, చివర్లో "ఇంక పడుకో తల్లీ" అనే మాట. ఆపరేషన్ అయ్యాక పిల్ల అవి వింటేగాని కళ్ళు మూసేది కాదు.

అవన్నీ ఉన్నది ఒక పాత ఎర్ర డిస్కులో. అది నిక్షేపంలా పనిచేస్తూనే ఉంది. అయినా తమ్ముడు గుండెలు బాదుకుని, కొత్త నీలం డిస్కు తెచ్చి కథలన్నీ అందులోకి ఎక్కించాడు. పాతది కూడా ఉండనిద్దామా అని వదిన నసిగితే నవ్వేశాడు. నీలంది ఉండగా ఇంకోటి దండగన్నాడు. ఎర్రదాన్ని పట్టుకుపోయి, వాడిన డిస్కును వేరేవాళ్ళకు ఇచ్చే ముందు చేసే అలవాటు చొప్పున మొదట్నుంచి చివరిదాకా సున్నాలతో నింపేసి, ఒక దర్జీ కొట్టు కంప్యూటర్లో బిగించాడు. అలా తుడిచాక దేవుడు దిగొచ్చినా పాతవి తిరిగి రావు.

ఏడాది తిరక్కుండానే నీలం డిస్కు టిక్కుటిక్కుమని మూలిగి ఆగిపోయింది. అన్నా వదినా దాన్ని తువ్వాల్లో చుట్టి కొట్టుకు తెచ్చారు. తమ్ముడు విప్పి చూస్తే కథలుండే లోపలి పళ్ళెం నిండా గీతలు, ఇక ఏదీ తిరిగి రాదు. నీలం మీద నమ్మకం ఇంకా చావక, సరుకిచ్చే షావుకారుకు ఫోన్ చేసి, నీలంవి ఎప్పుడూ పోవు కదా, ఇదెలా పోయిందని అడిగాడు. షావుకారు నవ్వాడు. ఆ రకం మీ వైపు కొన్నదే నలుగురైదుగురు, ఇక రిపేరుకు ఎక్కణ్ణించి వస్తాయన్నాడు. ఎర్రవి ఇంటింటా ఉన్నాయి కాబట్టి పోయినవీ అవే కనబడతాయన్నాడు.

తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. ఇన్నాళ్ళూ అనుభవం అనుభవం అని ఊదరగొట్టింది బల్ల మీది శవాలను చూసి. ఇళ్ళల్లో బతికున్నవాటి సంగతి ఏనాడైనా ఆలోచించాడా? ఛీ, ఇదీ ఒక అనుభవమేనా అని తనమీద తనకే రోత పుట్టింది.

అదేమీ తెలియని వదిన కళ్ళు తుడుచుకుని అతన్నే ఓదార్చబోయింది. ఎర్రది ఉంచుకునుంటే అది ఇంకా ముందే పోయేదనీ, ఇందులో అతని తప్పేముందనీ అంది. నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ ఓదార్పు తమ్ముడికి మింగుడు పడలేదు.

"లేదు వదినా. ఎర్రది దర్జీ కొట్లో ఇవాళ్టికీ గుర్రంలా పరిగెడుతోంది. అందులోంచి అన్నయ్య గొంతు తుడిచేసింది నేనే."

అన్న కుర్చీలోంచి లేచాడు. చిన్నప్పుడు తమ్ముడు వెధవపని చేసినప్పుడల్లా ఆయన కేకలు వీధి చివరిదాకా వినబడేవి. ఇప్పుడు పెదవులు మాత్రమే కదిలాయి. చాలాసేపు కదిలాయి. మెడ దగ్గరి రంధ్రంలోంచి గాలి బుసకొట్టింది.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆయన పెదవులు చూసి మాట అందుకుని, బజారులోనైనా బ్యాంకులోనైనా పైకి చెప్పేది వదినే. తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. ఎంత పెద్ద తిట్టయినా సరే, చెవిన పడితే గుండెల్లో బరువు కాస్త దిగుతుందనిపించింది.

"ఏమంటున్నాడు వదినా?"

ఆమె మొగుడి ముఖంలోకి చూసింది, మరిది ముఖంలోకి చూసింది.

"అది ఆయన గొంతుతో వినాల్సిన మాట," అంది. "నేను చెప్పలేను."