పచ్చి గడ్డి

వాన ముంచుకొస్తోందని ఆ ఇంటి పెద్దకొడుకు కోసిన గడ్డిని సరిగా ఎండనివ్వకుండానే తెచ్చి, పశువుల కొట్టంలో ఒక పక్కన దూలాల దాకా తొక్కించాడు. మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం పాలు పితుకుతున్న అతని భార్యకు పాకం మాడుతున్నట్టు తియ్యటి వాసన తగిలింది. కొట్టంలో పొయ్యి లేదు, దీపం లేదు. ఆవులు మాత్రం మేత ముట్టకుండా పలుపులు గుంజుకుంటున్నాయి.

ఆమె పొడవాటి ఇనప చువ్వను గడ్డిలోకి బారెడు లోతున దించింది. పాలు ఇంట్లో పెట్టి వచ్చి, దాన్ని బయటికి లాగి, పట్టుకోలేక వదిలేసింది. అరచెయ్యి కమిలింది.

“గడ్డి లోపల కాలుతోంది,” అంది భర్తతో.

“నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగే లేదు. నీకు తాడు కనబడినా పామే.”

ఆమె చెయ్యి చాపింది. అతని నవ్వు ఆగిపోయింది. ఏడాది మేత అది. నిచ్చెన కోసం చూశాడు.

“పైకెక్కకు, విప్పకు. గాలి తగిలితే భగ్గుమంటుంది. ముందు పశువుల్ని తోలి, నీళ్ళు తెప్పించాలి. మా పుట్టింట్లో ఇలాగే విప్పబోయి మా బాబాయి పోయాడు.”

“పదేళ్ళ కాపురంలో ఒక్కసారీ చెప్పలేదే?”

“ఎండిందా లేదా అని నన్నెవరు అడిగారు?”

ఆమె పలుపులు విప్పి పశువుల్ని ఒక్కొక్కటిగా పొలంలోకి తోలింది. మరిది ఊళ్ళోవాళ్ళను కేకేసి, బావి దగ్గర్నుంచి బిందెలు అందించడం మొదలుపెట్టాడు. ఆమె చివరి దూడతో బయటికి వచ్చి చూస్తే భర్త కనబడలేదు. ఒక్కసారి చూసొద్దామని అతను నిచ్చెనెక్కి గడ్డి మీద కాలు పెట్టాడు. కింద అంతా బొగ్గై డొల్లగా ఉంది. నడుము దాకా దిగబడిపోయాడు.

“కదలకు,” అంటూ నిచ్చెనెక్కి, చేతిలోని పలుపు విసిరింది. అతను చంకల కింద చుట్టుకున్నాడు. పరుగెత్తుకొచ్చిన మరిదీ ఆమే కలిసి లాగారు. అతను కిందపడ్డ మరుక్షణం ఆ గుంతలోంచి మంట కప్పుకు ఎగిసింది.

కొట్టం దక్కలేదు. గోడలు తడుపుతూ ఇంటిని కాపాడుకున్నారు. అతని కాళ్ళు మోకాళ్ళ దాకా బొబ్బలెక్కాయి. కాళ్ళ మీద తడిగుడ్డ కప్పుతుంటే ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

మధ్యాహ్నానికి మంట తగ్గింది. అప్పటిదాకా నీళ్ళు మోసిన పొరుగాయన ఖాళీ బిందె కింద పెట్టలేదు. పెదాలు తడుపుకుని మెల్లగా అన్నాడు:

“వదినా, మేమూ అదే రోజు గడ్డి ఎక్కించాం.”

“వాసన వస్తోందా?”

“రెండు రోజుల్నుంచి. బెల్లం కుండ పగిలిందేమో అనుకున్నాం.”

ఆమె భర్తను మరిదికి అప్పగించి లేచింది. బిందెలు ఎత్తుకుని అందరూ ఆమె వెనకే నడిచారు.