ఎడమ చేతి ఉల్లిగడ్డ

కట్టంగూర్ నుంచి నల్లగొండకు ప్రతి గురువారం బిడ్డను ఒళ్లో పెట్టుకుని బస్సులో పోవడం అండాలుకు ఇది పదో వారం. మల్లికకు తొమ్మిదేళ్లు. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలి ఎడమ చెయ్యి, ఎడమ కాలు బిగుసుకుపోయాయి. చెయ్యి పిడికిలి ముడుచుకుని ఎప్పుడూ రొమ్ముకు ఆనుకునే ఉంటుంది.

దవాఖానలో కసరత్తు చేయించే ఫర్హానా మేడం మల్లిక కళ్లకు, లోపల బొమ్మలాటలు కనబడే నల్లటి డబ్బా లాంటి అద్దాలు కట్టింది. కాసేపటికి ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. గాలిలో దేన్నో అందుకోబోయింది. మల్లిక కిలకిలా నవ్వింది.

"ఏం కనబడుతాంది బిడ్డా?"

"సీతాకోకచిలుకలు. నీకు కనబడయి తియ్యి."

అండాలు ఉత్త గోడ వంక చూస్తూ కూర్చుంది. లారీ మీద పోయిన పెనిమిటి నెలకోసారి వస్తాడు. ఆటలాడితే చేతులొస్తాయా అని వాడకట్టు నవ్వుతుంది. ఆఖరికి బిడ్డ నవ్వే చోట కూడా ఆమెకు జాగా లేదు.

"చెయ్యి ఆటల లేస్తాంది అక్కా. ఇంట్ల లేస్తేనే లేసినట్టు," అంది ఫర్హానా. "ఇంట్ల ఏమన్న అందుకున్నదా?"

అండాలు తల అడ్డంగా ఊపింది.

"వచ్చే వారంతోని ఈ అద్దాల మిషన్ వేరే ఊరికి పోతది. జర కనిపెట్టి చూడు."

అండాలు మూడు రోజులు కళ్లలో ఒత్తులేసుకుని చూసింది. చెయ్యి కదల్లేదు.

ఆదివారం పొద్దుగూకే వేళ పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పక్కనే మల్లిక గోడకు ఒరిగి కూర్చుంది.

"ఉల్లిగడ్డ అందియ్యి బిడ్డా," అంటూ అండాలు పొయ్యి ఊదుతూనే చెయ్యి చాపింది. ఉల్లిగడ్డ బిడ్డ ఎడమ వైపు నుంచి రావడం ఓరకంట కనబడింది. తన చిన్నప్పుడు తల్లి వీపు మీద చరిచి నేర్పిన మాట నోట్లోంచి దానంతటదే ఊడిపడింది.

"ఎడమ చేత్తోని ఇస్తరానే? కుడి చేత్తోని ఇయ్యి."

మల్లిక చెయ్యి మార్చింది. ఉల్లిగడ్డ అరచేతిలో పడ్డాక గాని, ముందు లేచింది ఏ చెయ్యో అండాలుకు తట్టలేదు. గిర్రున తిరిగి చూసేసరికి ఎడమ చెయ్యి మళ్లీ రొమ్ము మీదికి పోయి ముడుచుకుంది.

"మల్లా ఇయ్యి తల్లీ. గా చేత్తోనే."

"తప్పంటివి గదా."

"తప్పు నాదే బిడ్డా."

మల్లిక కదల్లేదు. చూసిన మనిషి ఇంకొకరు లేరు; చెప్పుకుందామన్నా నమ్మేవాళ్లు లేరు. అండాలు ఉల్లిగడ్డను బిడ్డ ఒళ్లో పెట్టింది. తన కుడి చేతిని కొంగులో చుట్టుకుని, ఎడమ చెయ్యి చాపి కూర్చుంది.

అన్నం మాడు వాసన వస్తోంది. ఆమె లేవలేదు.