ఐదో నంబరు నడక

పొద్దున్నే ఆ క్యాంపులో మొదటి పని టీ కాదు, లాగుడు. టీ సంగతి తర్వాత.

సముద్రం ఒడ్డున వరసగా ఎనిమిది చెక్క కాటేజీలు. ఒక్కోదానికి నాలుగు కాళ్ళు, మనిషి నడుమెత్తు ఉంటాయి. కాళ్ళున్నది నడవక ఊరుకుంటుందా? లోపల మనిషి నిద్రపోయాక నీళ్ళ వైపు కాస్త కాస్త నడుస్తాయి, తెల్లారేసరికి బుద్ధిగా ఆగిపోతాయి. ఒక్కోదాని వెనక ఒక గుంజ పాతి ఉంటుంది, అదే దాని అసలు చోటు. గుంజ దగ్గర్నుంచి ఎంత దూరం పోయిందో కొలిచి, మోకు తగిలించి, గునపాలతో కాళ్ళు లేపి మళ్ళీ వెనక్కి లాగాలి. కట్టేస్తే పోలా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. ఆ ముచ్చటా తీరింది లెండి. మోకు దారప్పోగులా తెగింది, అంతే.

నడక అందరికీ ఒకలా ఉండదు. లోపల పడుకున్నవాళ్ళ గుండె బరువును బట్టి ఉంటుంది. కొత్త జంటైతే బెత్తెడు. పిల్లలున్నవాళ్ళు జానెడు. పరీక్ష తప్పినవాడో, ఉద్యోగం ఊడినవాడో అయితే మూర. ఎవరూ పడుకోకపోతే అసలు కదలదు. ఎనిమిది కాటేజీలే గానీ గుంజలు మాత్రం తొమ్మిది. ఆ తొమ్మిదో గుంజ గురించి అక్కడ ఎవరూ మాట్లాడరు. పిల్లలు దాని మీద ఎక్కబోతే దింపేస్తారు.

ఆ కాటేజీలన్నీ తన చేత్తో కట్టినవాడు వడ్రంగి. ఇప్పుడు వాటిని చూసుకునేదీ ఆయనే. వంట ఆయన పెళ్ళాం చేస్తుంది. వ్యాను నడపడం, మోకు రెండో కొస పట్టడం ఆవిడ తమ్ముడి పని. వీళ్ళ మకాం వెనకాల ఇటుకల గదిలో. దానికి కాళ్ళు లేవు.

వడ్రంగి ఉన్నచోట నవ్వు ఉంటుంది. ఓ రోజు కొత్త జంట ఉన్న రెండో నంబరు లాగుతూ, "బెత్తెడేనా? వచ్చే ఏడాది మళ్ళీ రండి బాబూ, అప్పుడు మాక్కాస్త పని ఉంటుంది" అన్నాడు. ఆ పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. ఈమధ్య టీ గ్లాసు మాత్రం రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. వెచ్చగా బాగుంటుందట. ఒళ్ళంతా చెమటలు కారే ఆ ఉక్కలో! పోయిన నెల తన చిన్న ఉలి బామ్మర్ది చేతిలో పెట్టి, "పాతబడిందిరా, నువ్వుంచుకో" అన్నాడు. వాడు సంబరపడ్డాడు.

సోమవారం కళ్ళద్దాల కొట్టాయన వచ్చాడు. నాలుగు రోజులకి ఇద్దరి పేరు మీద ఐదో నంబరు తీసుకున్నాడు, వచ్చింది మాత్రం ఒక్కడే.

"అమ్మగారు తర్వాత వస్తారా సార్?" వంటావిడ రెండో దిండు పెడుతూ అడిగింది.

"లేదమ్మా. పోయి నలభై రోజులైంది. ముందే తీసుకున్న గది కదా, వదులుకోవడం ఎందుకని వచ్చాను. దిండు మాత్రం ఉండనివ్వండి."

మంగళవారం పొద్దున చూస్తే ఐదో నంబరు రెండు బారలు, అంటే ఎనిమిది మూరలు, నడిచింది. బుధవారం నాలుగు. గురువారం ఎనిమిది. వాళ్ళ ముగ్గురి వల్లా కాక, క్యాంపులో ఉన్నవాళ్ళందరినీ లేపి లాగాల్సి వచ్చింది. కళ్ళద్దాలాయన కూడా, క్షమించండి క్షమించండి అంటూ, ఓ చెయ్యి వేశాడు.

గుంజ నుంచి నీళ్ళకి పద్నాలుగు బారలు.

"రెండు, నాలుగు, ఎనిమిది" అన్నాడు తమ్ముడు వంటింటి గడప మీద కూర్చుని. "అక్కా, లెక్కల్లో నేను మొద్దునే. అయినా ఈ లెక్క నాకూ అర్థమవుతోంది."

వంటావిడ కిటికీలోంచి చూసింది. వచ్చే అల, పోయే అల ఐదో నంబరుకి ఎదురుగా ఇసుకని నున్నగా చేసి పెడుతున్నాయి. సరిగ్గా కాటేజీ వెడల్పున. ఎవరో వస్తున్నారని వాకిలి ఊడ్చినట్టు.

"ఆయన్ని వ్యానెక్కించి ఇంటికి పంపేద్దామా?" అన్నాడు తమ్ముడు.

"పంపిస్తే? అక్కడ ఇంటికి కాళ్ళుండవు, ఎంత దూరం పోయాడో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడైతే కనీసం పొద్దున్నే కొలిచి చూసుకుంటాం." ఆవిడ ఉల్లిపాయ సగంలో వదిలేసి మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆయన్ని మన గదిలో పడుకోబెడదాం. నేను సామాన్ల గదిలో సర్దుకుంటాను. నువ్వెళ్ళి ఐదో నంబరులో పడుకో."

"నేనెందుకే? ఖాళీగా వదిలేస్తే పోలా?"

"మూడు రోజులు ఆ బరువు మోసిన ఇల్లు. నీలాంటివాడు ఒక్కసారి పడుకుంటే తేలికపడుతుంది."

"అవును బావా" తమ్ముడు అందుకున్నాడు. "నువ్వు పడుకుంటే అది వెనక్కి నడిచి కొండెక్కి కూర్చుంటుంది. రేపు నిన్ను కిందికి లాగాలి మేము."

"నాకు కొత్త చోట నిద్ర పట్టదు."

"నువ్వు కట్టిందేగా, కొత్తేమిటి?"

"నడుం నొప్పి."

"మంచం అదే."

"మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడే" అని నవ్వాడు వడ్రంగి. వాళ్ళూ నవ్వారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన ఒక్కసారీ ఆ కాటేజీల్లో పడుకోలేదని అప్పుడు ఎవరికీ తట్టలేదు. సాకులన్నీ అయిపోయాయి. ఇంకా కాదంటే ఎందుకో చెప్పాలి. దుప్పటి భుజాన వేసుకుని, "సరే, పొద్దున్న టీ అక్కడికే తెచ్చివ్వు" అని వెళ్ళాడు.

శుక్రవారం ఆవిడ టీ పట్టుకునే బయల్దేరింది. గుంజ ఉంది. గుంజ ముందు ఏమీ లేదు. నాలుగు కాళ్ళ జాడలు నున్నటి ఇసుక మీదుగా తిన్నగా నీళ్ళలోకి దిగిపోయాయి. ఐదో నంబరు చాలా దూరంలో, గడప దాకా మునిగి ఉంది. ఎండ వచ్చేసింది, అయినా అది ఆగలేదు. ఆవిడ చూస్తుండగానే ఒక కాలు లేచింది, పడింది. వడ్రంగి దాని గడప మీద కాళ్ళు నీళ్ళలో వేలాడేసి కూర్చుని ఉన్నాడు.

ఆవిడ గ్లాసు గుంజ మీద పెట్టి నీళ్ళలోకి దిగింది. నడుంలోతున వెళ్ళి గడప పట్టుకుంది.

"గ్లాసు పట్టుకునే చెయ్యి చూపించు" అంది.

చూపించాడు. ఆకులా వణుకుతోంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎండలు ముదరకముందు నుంచీ. తగ్గదన్నాడు డాక్టరు." చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, "ఉలి పట్టలేనివాడు వడ్రంగేమిటే" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంక నా మాటలకి నవ్వుతావా?"

"నవ్వను. జరుగు."

ఆవిడ పైకెక్కి పక్కన కూర్చుంది. కాటేజీ ఇంకో అడుగు వేసింది. నీళ్ళు వాళ్ళ మోకాళ్ళు తాకాయి.

"మోకు పట్టడానికి చెయ్యి వణికినా ఫరవాలేదయ్యా. వదలకపోతే చాలు" అంది.

ఇంకో కాలు లేచింది. లేచి చాలాసేపు గాల్లో ఉంది. తర్వాత, లేచిన చోటే మెల్లగా దిగింది.

అందరికంటే ముందు మోకు భుజాన వేసుకుని నీళ్ళలోకి వచ్చినవాడు కళ్ళద్దాలాయన. నలభై రోజుల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయాడట, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆయనా తమ్ముడూ మిగతావాళ్ళూ లాగి లాగి, మధ్యాహ్నానికి గుంజ దగ్గరికి చేర్చారు. సాయంత్రం బయల్దేరేటప్పుడు ఆయన వంటావిడతో, "అమ్మా, ఆ రెండో దిండు మీరే వాడుకోండి" అన్నాడు.

ఇప్పుడు ఇటుకల గది తమ్ముడిది. మొగుడూ పెళ్ళాలు ఐదో నంబరులో ఉంటున్నారు. పొద్దున్నే ఆవిడే ముందు లేచి, వెనక్కి వెళ్ళి గుంజ దగ్గర్నుంచి చేత్తో కొలుస్తుంది. మొదట్లో బెత్తెడు ఉండేది. తర్వాత కొన్నాళ్ళు జానెడు. నిన్న మూర.

ఇవాళ ఒకసారి కొలిచి, నమ్మకం కుదరక మళ్ళీ కొలిచింది.

"ఎంతే?" అన్నాడు లోపల్నుంచి.

"రెండు మూరలు" అంది ఆవిడ, ఉన్నదున్నట్టు. "లే, మోకు పట్టు."

ఆయన వచ్చి రెండు చేతులతో పట్టుకున్నాడు. వాళ్ళ వెనక అల ఒకటి వచ్చి, ఇసుకని నున్నగా చేసి వెళ్ళింది.