సున్నా తేడా

మా బావ అబద్ధం ఆడడు, సర్ది చెప్తాడు. ఈ రెండింటికీ తేడా ఏమిటని అడిగితే ఓ గంటసేపు వివరిస్తాడు కూడా. సరుకుల ఓడలో ఆఫీసరు. నెలల తరబడి సముద్రం మీద ఉండి, ఫోన్ చేసినప్పుడల్లా మా అక్కతో "ఇక్కడ నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి" అంటాడు. వెనక గిన్నెలు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అక్క "సరేలెండి" అంటుంది. ఎదుటివాళ్ళు మొహం చిన్నబుచ్చుకుంటే చూడలేని మనిషి ఆయన. అలాంటి మనిషిని బారోమీటరు చూసి వాతావరణం రాసి పంపే పనిలో పెట్టారు.

ఆయన పంపే అంకెలు వచ్చేది మా ఆఫీసుకే. నాది వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. రేపెలా ఉంటుందో చెప్పాలంటే ముందు ఇప్పుడెలా ఉందో తెలియాలి, అది పూర్తిగా ఎవరికీ తెలియదు. అందుకని కంప్యూటరు తన పాత లెక్కను బట్టి 'ఇప్పుడిలా ఉండొచ్చు' అని ఒక ఊహ చేస్తుంది. ఈలోగా ఓడల నుంచి, బెలూన్ల నుంచి, దీవుల్లో ఉన్న మనుషుల నుంచి కొలతలు వస్తాయి. దేన్ని ఎంత నమ్మాలో చూసుకుని, ఊహనీ కొలతల్నీ కలిపి ఒక చిత్రం గీస్తుంది. ఫోర్‌కాస్టు ఆ చిత్రం మీంచే నడుస్తుంది. ఊహకి మరీ దూరంగా ఉన్న కొలతకి మాత్రం ఎర్ర రంగు పూసి అవతల పారేస్తుంది. అలా పారేసినవాటిని మళ్ళీ ఏరి చూడటం నా పని. ఆఫీసులో నన్ను ఎర్రమ్మ అంటారు. అనుమానం నాకు పుట్టుబుద్ధి అని మా అమ్మ తిట్టేది. దానికి జీతం కూడా ఇస్తారని ఆవిడ అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం తెర మీద ఒకే ఒక్క ఎరుపు కనిపించింది. దీవిలో లైట్‌హౌస్ మనిషి పంపిన గాలి పీడనం, మా ఊహకంటే తొమ్మిది మిల్లీబార్లు తక్కువ. పీడనం అంత పడిందంటే దగ్గర్లో తుఫాను ఉండాలి. ఉపగ్రహం తీసిన బొమ్మలో ఆ భాగమంతా మందపాటి మబ్బు కప్పేసి ఉంది, కింద ఏముందో తెలియటం లేదు.

"పక్కనే ఓడ ఉంది కదమ్మా," అన్నాడు మా సెక్షన్ పెద్దాయన, నా కుర్చీ వెనక నిలబడి టీ తాగుతూ. "అది అంతా బాగుందంటోంది. దీవిలో మీటరు పాడై ఉంటుంది. వదిలెయ్."

ఆ ఓడ మా బావది. వదిలెయ్యబోయి, అలవాటు కొద్దీ ఆయన పంపిన అంకెల వరస తెరిచాను. కొలతకీ మా ఊహకీ మధ్య ఉన్న తేడా పక్కనే పడుతుంది. అక్కడ సున్నా ఉంది. దాని పైనా సున్నాయే. నిన్నంతా, మొన్నంతా సున్నాలే.

ఏ బారోమీటరూ మా ఊహతో దశాంశంతో సహా కలవదు. అలల మీద ఊగే ఓడలోది అసలే కలవదు. మంచి కొలత ఎప్పుడూ కాస్త అటో ఇటో ఉంటుంది. పోయిన ప్రయాణంలో బావ పంపినవి చాలావరకు మరీ దూరంగా పడి, ఎర్రబడి పోయాయి. పెద్దాయన ఆ ఓడ కెప్టెన్‌కి ఒక ఘాటైన మెయిల్ పెట్టాడు, మీ కొలతలు పనికి రావటం లేదని. కెప్టెన్ బావకి అందరిముందూ చీవాట్లు పెట్టాడట. ఇంటికొచ్చినప్పుడు బావ అది నవ్వుతూనే చెప్పాడు గానీ, చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి.

మేం ప్రతి ఓడకీ దాని దారి పొడుగునా గంట గంటకీ పీడనం ఎంత ఉంటుందో పంపుతాం. ఆ అంకెలు బావ బల్ల మీదే ఉంటాయి.

శాటిలైట్ ఫోన్ కలిపాను.

"ఏం మరదలా, పనివేళలో బావ గుర్తొచ్చాడేంటి?"

"బావా, బారోమీటరు ఎంత చూపిస్తోంది?"

"ఇందాకే పంపాగా. వెయ్యిన్ని ఏడు."

"పంపింది కాదు. దాని ముందు నిలబడి, చూసి చెప్పు."

ఈసారి వెనక గిన్నెల చప్పుడు కాదు. అంతకంటే బరువైనదేదో ఓడని బయటినుంచి గుద్దుతోంది.

"అది పాడైందే," అన్నాడు నెమ్మదిగా. "పొద్దుటినుంచీ కిందికి జారుతోంది. మీరేమో బాగుందంటున్నారు. అంత పెద్ద కంప్యూటరు లెక్కకంటే నా డబ్బా గొప్పదా? మళ్ళీ మాట పడటం ఎందుకని, మొన్నటినుంచీ చేస్తున్నట్టే మీ అంకె చూసి సర్దాను."

"ఎంతుంది బావా?"

"తొమ్మిదివందల తొంభై మూడు."

మేం ఆయన్ని నమ్మి కూర్చున్నాం, ఆయన మమ్మల్ని నమ్మి పోతున్నాడు. మధ్యలో సముద్రాన్ని ఎవరూ అడగలేదు.

ఆ అంకె ఎక్కించగానే కంప్యూటరు ఎర్రరంగు పూసి పారేసింది. లైట్‌హౌస్ అంకెనీ దీన్నీ పక్కపక్కన పెట్టి పెద్దాయనకి చూపించాను. ఆయన టీ కప్పు కింద పెట్టాడు. తనే వంగి, రెండింటినీ బలవంతంగా లోపలికి తీసుకోమని ఆదేశం ఇచ్చాడు. లెక్క మళ్ళీ మొదటినుంచి నడిచింది.

కొత్త చిత్రం వచ్చింది. దీవికీ ఓడకీ మధ్య చిన్న తుఫాను, బిగించిన పిడికిలిలా. పడమటికి వస్తోంది. ఓడ ఉత్తరంగా, సరిగ్గా దాని నోట్లోకి వెళ్తోంది. వెంటనే దక్షిణానికి తిప్పమని కెప్టెన్‌కి చెప్పాం. తిప్పినా పూర్తిగా తప్పించుకుంటారని మా లెక్క చెప్పటం లేదు.

"ఇకమీదట మా అంకెలు నీకు పంపం," అన్నాను బావతో. "దారి ఒక్కటే చెప్తాం. నీ కంటికి కనబడిందే పంపు. నన్ను సంతోషపెట్టకు."

"సరేనే," అన్నాడు. ఈసారి మరదలా అనలేదు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు, ఇక అంకెలు వచ్చే రేడియో ఒక్కటే దారి.

సాయంత్రం అక్క నుంచి ఫోన్. "ఆయన ఫోన్ ఎంతకీ కలవట్లేదే. అక్కడెలా ఉంది?"

"కొంచెం గాలి, అంతే. దారి మార్చారు. కంగారు పడకు," అన్నాను. నోరు దానంతట అదే అనేసింది.

"ఆయన కొంచెం గాలి అంటే నేను తుఫాననుకుంటాను," అంది అక్క. "బాగానే గాలి అన్న రోజు నాకు ముద్ద దిగదు. ఆయన ఎంత తగ్గించి చెప్తారో పెళ్ళైనప్పటినుంచీ నా దగ్గర లెక్కుంది. నీ లెక్కే నాకు తెలీదు. ఎంత తగ్గించావే?"

మధ్యాహ్నం నుంచీ ఏ పనికి బావని లోపల తిట్టుకుంటున్నానో, అదే నేనూ చేశాను. ఉన్నదంతా చెప్పేశాను. తుఫాను ఎంత దూరంలో ఉందో, మాకు ఏం తెలుసో, ఏం తెలియదో. అక్క ఏడవలేదు.

"ఆయన ఈసారి అంకె పంపేదాకా ఫోన్ పెట్టకు," అంది.

అంకె రావలసిన వేళకి రాలేదు. పెద్దాయన గదిలో అటూ ఇటూ తిరగటం మానేసి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. ఫోన్లో అక్క ఊపిరి, వాళ్ళింట్లో పంపు కింద బకెట్ నిండి పొర్లుతున్న శబ్దం. అక్క పంపు కట్టెయ్యడానికి కూడా లేవలేదు. నాకు చచ్చే భయంగా ఉంది. అంకె రాకపోతే ఏమిటన్నది ఒక భయం. వచ్చినా, కుదురైన అంకె వస్తే? అక్క కోసం బావ మళ్ళీ సర్దితే? దాన్ని నమ్మి మేం ఓడని ఎటు తిప్పుతాం? నా జీవితంలో మొదటిసారి తెర మీద ఎరుపు కనబడాలని మొక్కుకున్నాను.

వచ్చింది.

మా ఊహకి ఎనిమిది తక్కువ. వరసంతా ఎర్రగా వెలిగింది.

"అక్కా, వచ్చింది. ఎర్రగా వచ్చింది."

"అంటే ఏమిటే?"

"మేం అనుకున్నదానికంటే పెద్ద తుఫాను. కానీ గాలి ఇప్పుడు పడమటినుంచి వీస్తోందని రాశాడు. అంటే దాని నడిబొడ్డు వాళ్ళకి ఉత్తరంగా దాటిపోతోంది. ఓడ అంచులోనే ఉంది. బయటికొస్తోంది."

"ఆయనే రాశారా? ఇంకెవరైనానా?"

"బావే."

"నీకెలా తెలుసు?"

"అంకె కింద ఒక మాట రాశాడు. 'సర్దలేదు' అని."

నేను ఆ ఎర్ర అంకెని నా చేత్తో లోపలికి పంపించాను. అప్పుడు ఏడ్చింది మా అక్క.