చేతికర్ర ఆనుకున్న రాజు

బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని ఆ సందులో సాయంత్రమైందంటే చాలు, శామ్సన్‌కీ కాదర్‌కీ సొలొమోను రాజు మీద, అదే కాదర్ సులేమాను అని పిలిచే ఆయన మీద, తగువు మొదలయ్యేది. శామ్సన్ బాప్టిస్టు గుడికి పోయే మనిషి, కాదర్ మసీదుకి పోయే దర్జీ. ఎదురెదురు వరండాలు.

"ముసలితనంలో పెళ్ళాల మాట ఇని బొమ్మలకి మొక్కీసినాడు మీ సులేమాను. మా బైబిల్లో రాసుంది" అనేవాడు శామ్సన్.

"మా కురాన్లో అలగ నేదు. సులేమాను పైగంబరు. దేవుణ్ణి ఎప్పుడూ కాదన్నేదు. కాదన్నవి సైతానులు" అనేవాడు కాదర్.

తగువు సగం తెలుగులో, సగం బర్మా భాషలో. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఎవరూ ఒక్క మెట్టు దిగింది లేదు. సందులో వాళ్ళకి అదో కాలక్షేపం.

ఆ శామ్సన్ ఇవాళ మధ్యాహ్నం గంజి తాగుతూ తాగుతూ ప్రాణం వదిలేశాడు.

కొడుకు మైకేల్ "నానా" అని కేక పెట్టబోయేసరికి, పరిగెత్తుకొచ్చిన కాదర్ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏడవకురా. నువ్వు ఏడిస్తే సందంతా తెలిసిపోద్ది. తెలిస్తే రేపు నిన్నట్టుకుపోతారు."

నిజమే. దేశానికి కుర్రాళ్ళ ఆకలి పుట్టిన రోజులివి. ముసలి తండ్రికి ఒక్కగానొక్క దిక్కు అన్న కారణంగానే మైకేల్‌ని సైన్యంలోకి లాక్కుపోకుండా వదిలిపెట్టారు. తండ్రి ఉన్నంతకాలమే ఆ దయ. వార్డు ఆఫీసు మనిషి కో తెయిన్ రోజూ సాయంత్రం గేటు దగ్గర ఆగి, ముసలాయన ఉన్నాడో లేడో చూసి మరీ పోతాడు. తెల్లారితే ట్వంటే ఊరికి పడవ ఉంది. అక్కడ మేనమామ హెరాల్డ్ పొలాల్లో దాక్కోవచ్చు. ఈ ఒక్క సాయంత్రం గడవాలి.

"మరి నానని ఎవరు పూడుస్తారు, సిన్నాన్నా?"

"నువ్వు పడవెక్కినాక నేనే మీ గుడికెళ్ళి గంట కొట్టిస్తాను. ముందు మీ నానని లేపు. ఒళ్ళు బిగిసిపోకముందే కూకోబెట్టాల."

ఇద్దరూ కలిసి శామ్సన్‌ని వరండాలో పేము కుర్చీలో కూర్చోబెట్టారు. టోపీ పెట్టారు. చేతికర్ర ఎదురుగా నిలబెట్టి, రెండు చేతులూ దాని పిడి మీద మూశారు. కాదర్ ఆ టోపీని కాస్త కిందకి దించాడు.

"మా సులేమాను ఇలాగే పోయినాడురా. కర్ర మీద ఆనుకునే పానం పోయింది. ఆయన కింద సాకిరీ సేసే బూతాలు, జిన్నులు, వాటికి తెల్దు. రాజు సూస్తన్నాడనుకుని, సచ్చినోడికి బయపడి సాకిరీ సేస్తానే ఉన్నాయి. సివరికి పురుగు కర్రని తినీస్తే అప్పుడు పడ్డాడు. ఈ కతెన్నిసార్లు సెప్పినా మీ నాన నవ్వీవోడు. సచ్చినోడు కర్రట్టుకుని నిలబడ్డవేటి అనీవోడు."

ఆ మాటకి మైకేల్‌కి ఏడుపు పొంగుకొచ్చింది. పెదవి పళ్ళ కింద పెట్టి నొక్కుకున్నాడు. నాన్న పక్కనే ఉండి నాన్నకోసం ఏడవకూడదంటే అంతకన్నా నరకం ఇంకేముంటుంది!

పొద్దు వాలాక కో తెయిన్ వచ్చాడు. ఆ సందులోనే పుట్టి పెరిగినవాడు, వీళ్ళ తగువులు వింటూ పెద్దవాడయ్యాడు. గేటు మీద మోచేతులు ఆనించి, బర్మావాళ్ళు పెద్దల పేరుకి ముందు చేర్చే 'ఊ' చేర్చి, "ఏం ఊ శామ్సన్, ఇవాళ తగువు లేదా?" అన్నాడు.

మైకేల్ తండ్రి కుర్చీ పక్కకి జరిగాడు. అప్పటికే తన ఇంటికెళ్ళి కూర్చున్న కాదర్ ఎదురు వరండాలోంచి అందుకున్నాడు. "లేకేం! పొద్దుట్నుంచీ అదే పోరు. సులేమాను బొమ్మలకి మొక్కాడంటాడు. ఒరే శామ్సనూ, ఆయన పైగంబరురా!"

అని ఆగాడు. రోజూ అక్కడే శామ్సన్ విరుచుకుపడేవాడు. టోపీ కింద ముఖం కదల్లేదు. కాదర్ ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఇక ఈ జన్మకి ఎదురుమాట రాదన్న సంగతి అప్పటికిగాని ఆయన మనసుకి ఎక్కలేదు.

"పోన్లేరా," అన్నాడు మెల్లగా. "ఇయాల నువ్వే గెలిసినావు."

కో తెయిన్ పకపకా నవ్వాడు. "కాదర్ ఓడిపోయాడా! ఊ శామ్సన్, నీకు షేకాండ్ ఇవ్వాల్సిందే" అంటూ గేటు తోసుకుని మెట్లెక్కాడు. మైకేల్ అడ్డం వెళ్ళేలోపే ముసలాయన చెయ్యి అందుకున్నాడు.

చెయ్యి కర్రని వదల్లేదు. నవ్వుతూనే లాగాడు కో తెయిన్. కర్ర జారి మెట్ల మీద దొర్లింది. శామ్సన్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగి కింద పడ్డాడు.

"నా నోరు పడిపోను" అంటూ కాదర్ నెత్తి బాదుకున్నాడు. "ఇన్నేళ్ళూ దిగనోణ్ణి, ఇయాలే దిగాలా!"

కో తెయిన్ ముఖం పాలిపోయింది. మైకేల్ కళ్ళలోకి చూడకుండా, మెట్లకి అడ్డంగా నిలబడి, ఆఫీసుకి చెప్పడానికి జేబులోంచి ఫోను తీశాడు.

మైకేల్ అతని వైపు చూడనే లేదు. కింద కూలబడి నాన్న తల ఒళ్ళోకి తీసుకున్నాడు. మధ్యాహ్నం నుంచీ గొంతులో కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "నానా" అని సందంతా వినపడేలా ఏడ్చాడు. ఇప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళెవరూ లేరు.