ముందట తొమ్మిదిమంది

స్తుతి పొద్దున పినపాకలో ఒక కాన్వెంటు బడిలో లెక్కలు చెప్పేది, సాయంత్రం ఎంబీఏ ప్రవేశ పరీక్షకు చదువుకునేది. రెండేళ్లుగా అంతే. ఆ జనవరిలో మణుగూరు నెట్ సెంటర్‌కు పోయి రిజల్టు చూసుకొచ్చేసరికి, ఫోనులో విన్న ముక్క పట్టుకుని నాన్న యోనా వెళ్లి పాస్టరుగారికి చెప్పేశాడు, బిడ్డకు తొంభై ఒక్క మార్కులొచ్చాయని.

"మార్కులు కాదు నాన్నా, పర్సంటైల్," అంది స్తుతి కాళ్లు కడుక్కుంటూ. "నేను గాక నూరుమంది రాసిన్రనుకో. తొంభై ఒక్కమంది నా ఎనక, తొమ్మిదిమంది నా ముందట."

"తొమ్మిదిమందే గద," అన్నాడు యోనా.

తెల్లారి తల్లి విశ్రాంతమ్మ వాకిలి ఊడవబోతే గేటు దగ్గర తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. అందరి వీపులూ ఇంటివైపే.

"జర జరగున్రి బిడ్డా, దుమ్ము పడ్తది," అందామె. వాళ్లు జరిగారు.

ఆనాటి నుంచి స్తుతి ఎక్కడికి పోయినా వాళ్లు ముందు నడిచేవాళ్లు. బస్సు వస్తే వాళ్లే ముందెక్కి కూర్చునేవాళ్లు, ఆమె నిలబడేది. నల్లా దగ్గరా ఆమె బిందె వాళ్ల తర్వాతే. చర్చిలో ఆ వీపుల సందుల్లోంచి పాస్టరుగారి చెయ్యొక్కటే కనబడేది. పరీక్ష రాసినోళ్ల ఇంటికాడ గట్లనే ఉంటదని కిరాణా కొట్టు రెడ్యా తేల్చేశాడు. ఎండలు ముదిరాక యోనా వాళ్లకు పాత గొడుగు తెచ్చిచ్చాడు. స్తుతికి మాత్రం ఊపిరాడేది కాదు. తమ ఇంటి ముందు రోడ్డు ఎట్లా ఉంటుందో కూడా మరిచిపోయింది.

హైదరాబాదులో ఒక కాలేజీ కటాఫ్ తొంభై.

"దాటినవు గద, ఇంకేంది?" అన్నాడు యోనా.

"కటాఫ్ దాటితే ఇంటర్వ్యూకు పిలుస్తరు నాన్నా. సీటిచ్చినట్టు కాదు."

పోయి వచ్చింది. వెయిటింగ్ లిస్టులో పెట్టారు. ఎదురుచూస్తుండగానే జూన్ వచ్చింది. బడి హెడ్మాస్టరు వెంకటరామారావు పిలిచి, "మూడేళ్లు ఇక్కడే చేస్తానంటే నీ ఉద్యోగం ఖాయమమ్మా. సోమవారం ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి ఆఫీసులో పెట్టు," అన్నాడు. అవి అక్కడికి చేరితే మూడేళ్లదాకా తిరిగి రావు. ఇంట్లో అందరూ మంచిదేనన్నారు.

ఆదివారం సాయంత్రం స్తుతి గేటు దాకా వచ్చింది. అందరికంటే దగ్గరగా నిలబడ్డ జడ పిల్ల ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. ఇన్ని నెలలుగా ఆ వీపును చూసి కుళ్లుకోవడమే గాని కాళ్లు నొస్తున్నాయా అని అడిగిందే లేదు. లోపలికి పోయి కుర్చీ తెచ్చింది.

"అక్కా, జర కూసో."

ఆ పిల్ల ఇటు తిరిగింది. ఎన్నాళ్లుగానో నిద్ర లేని మొహం.

"నా పేరు నిర్మలాదేవి. మాది కూసుమంచి," అంది కూర్చుంటూ. "నీకు నా వీపు కనపడ్తది. నాకు నా ముందటోళ్ల వీపులు."

విశ్రాంతమ్మ ఇద్దరికీ చాయ్ ఇచ్చింది. నిర్మలాదేవికి రెండు చోట్ల సీటొచ్చిందట, ఒకటి పుణేలో, ఒకటి హైదరాబాదులో. రెండూ పట్టుకునే ఉండమంటాడట వాళ్ల నాయన. హైదరాబాదు కాలేజీ పేరు వినగానే స్తుతి చేతిలో గ్లాసు ఆగింది.

"ఏది వదులుకోమంటవు?" అని అడిగింది నిర్మలాదేవి.

పుణే మంచిదన్న మాట స్తుతి నాలుక మీదికి వచ్చింది. మింగేసింది.

"నన్నడగకక్కా. ఆ హైదరాబాదు కాలేజీ వెయిటింగ్ లిస్టుల నేనున్న. ఏం చెప్పినా నా కోసం చెప్పినట్టే అయితది."

నిర్మలాదేవి చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి, బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"నా మనసుల పుణేనే ఉండె. ఎవరూ అడగక చెప్పలే," అని, మిగతా వీపుల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయింది. ఆమె నిలబడ్డ చోట సందు పడింది. అందులోంచి భద్రాచలం వైపు పోతున్న ఆటో ఒకటి కనిపించింది.

సోమవారం స్తుతి సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుంటుంటే ఫోను మోగింది. కాలేజీ నుంచి.

"ఒక అమ్మాయి సీటు వదులుకుందమ్మా. మీరు చేరతారా?"

"చేరతాను సార్." కవరు పక్కన పెట్టి, "నిర్మలాదేవియేనా?" అంది.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఆమే. మీకు తెలిసినావిడా?"

"అవ్ సార్," అంది స్తుతి. "నిన్నటిదాకా మా గేటు కాడనే ఉండె."