క్లాపు కొరకని కాగితం

రోజూ ఆరున్నరకల్లా రాజమ్మ బోరబండలో ఆటో ఎక్కి, యూసుఫ్‌గూడలో దిగి, అక్కణ్ణించి జూబ్లీహిల్స్ ఎత్తు నడిచి ఎక్కేది. సినిమా మాటల రచయిత జానకిరామయ్య గారింట్లో తొమ్మిదేళ్ళుగా ఆమే వంటమనిషి. గేటు తీయగానే మొదటి పని, క్లాపు కొరికి పోగుపెట్టిన పీచంతా ఊడ్చెయ్యడం. పొయ్యి సంగతి ఆ తర్వాతే.

క్లాపు ఆ ఇంటి కుక్క. ఆటో కింద పడబోయిన కూనను రాజమ్మే కొంగులో వేసుకొచ్చింది. అది అబద్ధాలను మాత్రమే కొరుకుతుంది. అసలు తోలని చెప్పి అంటగట్టిన రెగ్జిన్ సోఫాను మూడు రోజుల్లో చీల్చి పెట్టింది. ఆ పక్కనే విడిచిన రాజమ్మ తోలుచెప్పుల్ని మూతితో కూడా తాకలేదు. వీధిలో ఎవరూ దీన్ని వింతగా అనుకోలేదు. ఎదురింటి మంజులత పట్టుచీర కొన్నప్పుడల్లా తెచ్చి, దాని ముందు పరిచి చూసుకుని వెళ్ళేది.

ఇంటావిడ త్రిపురసుందరికి మాత్రం ప్రాణం విసిగిపోయింది. సోఫా కోళ్ళకు వేపనూనె పూస్తే శుభ్రంగా నాకేసింది. రబ్బరు ఎముక కొనిస్తే, ఎముక కాని ఎముకను ఒక్క పూటలో ముక్కలు చేసింది. కుక్కలకు తర్ఫీదిచ్చేవాడొకడు వచ్చి, ఒళ్ళలిసేలా తిప్పితే కొరకదన్నాడు. రాజమ్మ రెండు పూటలా పార్కు చుట్టూ తిప్పింది. అలిసింది రాజమ్మే.

చివరికది అయ్యగారి కొత్త సినిమా కాగితాల మీద పడింది. ఒకే సీను. ఐదుసార్లు రాశాడు, ఐదుసార్లూ నమిలేసింది.

"శనివారం కారొస్తుందండీ, ఫామ్‌హౌస్‌కి పంపించేద్దాం," అంది త్రిపురసుందరి. "అక్కడ గొలుసేసి కట్టేస్తారు."

రాజమ్మ చీపురు పక్కన పడేసి ముందుకొచ్చింది. "జర ఆగుండ్రమ్మా, గది ఊకెనే కొరకది. సారూ, గా కాయితంల ఏం రాసిన్రో జర సదువుండ్రి."

నలభై సినిమాలకు మాటలు రాసిన భీమవరం మనిషి వంటమనిషికి సీను వినిపించడమా అని ముఖం చిట్లించాడు. కానీ షూటింగు సోమవారమే. చదివాడు. తెలంగాణ పల్లెలో ఒక తల్లి, కొడుకు కనపడక పోలీస్ స్టేషన్‌కి వచ్చి ఏడుస్తుంది: "నా బిడ్డ ఏడకు పోయిండో సారూ! గిట్లెట్లాయెరో నా బిడ్డకు!"

"తప్పిపోయింది కొడుకా, బిడ్డనా సారూ?" అంది రాజమ్మ నవ్వాపుకుంటూ.

"కొడుకే. అందుకేగా బిడ్డ అన్నాను!"

"మా దిక్కు బిడ్డంటే ఆడిపిల్ల సారూ. పిలిచేటప్పుడు అందర్ని బిడ్డా అంటం గని, చెప్పేటప్పుడు కొడుకు కొడుకే, బిడ్డ బిడ్డనే. గట్ల రాస్తే పోలీసాయన ఆడిపిల్లను దేవులాడుతడు."

జానకిరామయ్య నోరెళ్ళబెట్టాడు. "మరి ఆవిడ ఏమంటుంది?"

రాజమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తను చూసిన సినిమాల్లో తనలా మాట్లాడేవాళ్ళు రౌడీలో, నవ్వించేవాళ్ళో. ఏడ్చే తల్లి ఇదే మొదటిసారి. తన కొడుకు నర్సింహ ఒకప్పుడు రెండు రోజులు కనపడకుండా పోయి తిరిగొచ్చాడు. ఆ రెండు రోజులూ ఆమెకు నిన్నటిలాగే ఉన్నాయి.

"అంత ఏడ్వది సారూ. గిట్లంటది: తినిపోరా కొడుకా అన్న. వచ్చి తింటనే అన్నడు. కూర గట్లనే ఉన్నది సారూ."

అయ్యగారు రాసి, కాగితం నేలమీద పెట్టాడు. క్లాపు వాసన చూసి, దాని మీద గడ్డం ఆనించి పడుకుంది. త్రిపురసుందరి కళ్ళొత్తుకుంది.

శనివారం కారును రావద్దన్నారు. తల్లి మాటలన్నీ ఇక వంటింట్లోనే, రాజమ్మ తొక్కు నూరుతూ చెబుతుంటే అయ్యగారు రాసుకున్నాడు. క్లాపు ఒక్క పేజీ ముట్టలేదు. రెగ్జిన్‌ను రెగ్జిన్ అని పిలవడం మొదలెట్టాక కొత్త సోఫా జోలికీ పోలేదు.

మూడు నెలలకు, తెరమీద వేసే పేర్లు సరిచూడమని ఫిల్మ్‌నగర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అయ్యగారు దాన్ని బల్లమీద పెట్టి స్నానానికి వెళ్ళొచ్చేసరికి క్లాపు నోట్లో ఉంది.

"మళ్ళీ మొదలెట్టిందండీ! ఇంక దీన్ని ఉంచేది లేదు," అని కేకేసింది త్రిపురసుందరి.

రాజమ్మ పరుగున వచ్చి దాని మెడ కావలించుకుంది. "ఎంత పని చేస్తివి కొడుకా!"

జానకిరామయ్య కాగితం లాగి చూశాడు. అన్ని పేర్లూ భద్రంగా ఉన్నాయి. 'మాటలు: జానకిరామయ్య' అని ఉండాల్సిన చోట మాత్రం బెజ్జం. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. భార్య వంక చూశాడు. ఆవిడ పెన్నందించింది.

కింద 'సహకారం: రాజమ్మ' అని రాసి చూపించాడు. క్లాపు పళ్ళు బయటపెట్టింది.

"సరేలేరా," అని కొట్టేసి, ఈసారి 'మాటలు: జానకిరామయ్య, రాజమ్మ' అని రాశాడు. క్లాపు తోకాడించింది.

రాజమ్మ కూడబలుక్కుని చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. "బోరబండ అని గూడ ఎయ్యుండ్రి సారూ," అంది. "గీ పేరోళ్ళు మస్తుమంది ఉంటరు."

సినిమా వచ్చిన రోజు హాల్లో రెండు వరుసలు బోరబండ వాళ్ళే. పేరు పడగానే నర్సింహ కుర్చీ ఎక్కి ఈల వేశాడు. రాజమ్మ కదల్లేదు. వీపు నిటారుగా పెట్టి, బోరబండ అన్న చివరి అక్షరం తెరమీంచి పోయేదాకా రెప్పవేయకుండా చూసింది.